క్యాబిన్ పైకి ఎవరూ ఎక్కవద్దు

పుంగనూరు,
4-7-1999.

తమ్ముడు రాయుడికి,

కోపం తగ్గాక రాద్దామనుకుంటే ఈ ఏడాది నీకు ఉత్తరమే రాదు. అందుకే కోపంతోనే రాస్తున్నాను. నువ్వు, మరదలు రామక్క, పాప భవ్య బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మనుషులం బాగానే ఉన్నాం. బాగాలేనిది లారీ.

వాన పడితే చాలు, క్యాబిన్ లోపల కారుతోంది. ఎక్కడ నుంచి దిగుతాయో తెలియదు, నీళ్లు మాత్రం అద్దం కింద వైర్లు, ఫ్యూజులు ఉండే చోటికే చేరుతున్నాయి. మీ బావ మోకాళ్ల మీద యూరియా సంచి కప్పుకొని తోలుతున్నాడు. మొన్న పలమనేరు దాటాక వైపరు సగంలో నిలబడిపోయిందట. చేత్తో గుడ్డ పెట్టి అద్దం తుడుచుకుంటూ పోయాడట. మదనపల్లెలో టమోటా లోడు ఎత్తుకొని మద్రాసు పోవాలంటే మొగిలి ఘాటు దిగక తప్పదు. ఆ మలుపుల్లో వాన మధ్యలో వైపరు ఆగితే ఏమవుతుందో ఐదేళ్లు ఆ లారీ తోలినవాడివి, నీకు చెప్పాలా? వాన మొదలైతే చాలు, నేను వంటింట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉంటాను. అన్నం దిగదు.

ఆయనకు చెబితే "ఈ వానలు పోతే అదే ఆరిపోతాది" అంటాడు. ఈమధ్య ఆయనకు సోకు కూడా ఎక్కువైంది. చొక్కా విప్పి నా చేతికిచ్చి కొయ్యకు తగిలించమంటాడు. అటక మీద డబ్బా దించమంటే పక్కింటివాళ్లను పిలవమంటాడు. వయసు యాభై నిండలేదు, జమీందారు వేషాలు.

నువ్వు ఒక్కసారి వచ్చి చూడు. మీ ఇద్దరికీ పడదని నాకు తెలుసు. తప్పు ఎవరిదో కూడా తెలుసు. లారీని షెడ్డు దాటించలేదని నువ్వు నా తల మీద చెయ్యి పెట్టి చెప్పినా వినకుండా, ఆ మరుసటి రోజే నిన్ను పనిలో నుంచి పంపించేశాడు. తొమ్మిదేళ్లయింది. నేను మరవలేదు, ఆయన్నూ మరవనివ్వలేదు. కూరలో ఉప్పు తక్కువైందన్నా "నా తమ్ముణ్ణి తరిమినోడికి ఉప్పు యాల?" అంటాను. మారు మాట్లాడకుండా తిని లేస్తాడు. చేసిన పని అలాంటిది మరి.

ఫోన్ చేద్దామంటే ఎస్టీడీ బూత్‌లో నా వెనకాల నలుగురు నిలబడి వింటారు. ఉత్తరమే నయం. జవాబుకు బదులు నువ్వే వస్తే ఇంకా నయం.

కోపం తగ్గని నీ అక్క,
అమరావతి


కుప్పం,
15-7-1999.

అక్కకు నమస్కారం.

రెండు వైపులా నింపి రాశావు, నీ ఆరోగ్యం సంగతి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ముందు అది రాయి.

నేను రాలేను. గ్రానైట్ ఫ్యాక్టరీలో లారీల రిపేరంతా నా ఒక్కడి మీదే ఉంది. వీళ్లు ఆదివారం కూడా వదలడం లేదు. ఎలా వెతకాలో మాత్రం రాస్తాను, అలాగే చేయించు.

నీళ్లు కారే చోట బొక్క ఉంటుందనుకోవద్దు. ఎక్కడో లోపలికి దూరి, రేకు మడత వెంబడి పాకి, ఇంకెక్కడో దిగుతాయి. అందుకని ఎండ కాసే రోజు చూసి, ఒక మనిషిని లోపల కూర్చోబెట్టు. బయట నుంచి కింద మొదలుపెట్టి పైకి నీళ్లు పోసుకుంటూ పోవాలి. ముందు అద్దం కింది అంచు మాత్రమే తడపాలి. వంద లెక్కపెట్టాలి. లోపల పొడిగా ఉంటేనే ఒక జానెడు పైకి జరగాలి. ఎక్కడికి వచ్చాక లోపల తడి కనిపిస్తుందో అక్కడే బొక్క. మొదటే పైనుంచి పోస్తే అన్నీ ఒకేసారి తడిసి ఏదీ తెలియదు.

నా అనుమానం ముందద్దం రబ్బరు మీద ఉంది. పాత లారీల్లో అదే ఎండిపోయి చిట్లుతుంది. మదనపల్లెలో మార్పించు.

పైరేకు జోలికి మాత్రం పోవద్దు. అది ఒకే రేకు, అతుకు లేదు, అక్కడ కారే పనే లేదు. పైగా పాతది, మనిషి ఎక్కితే సొట్ట పడి నీళ్లు నిలుస్తాయి. క్యాబిన్ పైకి ఎవరూ ఎక్కవద్దు. బావను కూడా ఎక్కనివ్వకు.

భవ్య ఒకటో తరగతిలో చేరింది.

నీ తమ్ముడు,
చెంగల్రాయుడు


పుంగనూరు,
5-8-1999.

రాయుడూ,

నీ ఉత్తరం పది రోజులు పక్కింటి మునిరత్నమ్మ గూట్లో ఉండింది. పోస్టుమాన్ వాళ్లింట్లో ఇచ్చిపోతే ఆవిడ దీపం కిందకు మడత పెట్టి వాడుకుంది. అది చేతికి వచ్చేలోపు నేను చేయాల్సిన తప్పంతా చేసేశాను. మల్బరీ తోటకు నీళ్లు కట్టే పైపు తెచ్చి, లారీ నెత్తిన ధారగా పట్టాను. అద్దం పక్కనా, తలుపు సందులోనా, అన్ని వైపులా దిగాయి. సీటు దూది మూడు రోజులు ఎండబెట్టాల్సి వచ్చింది. మీ బావ అరుగు మీద కూర్చొని చూస్తూ "దాన్ని యాల నీళ్లలో ముంచుతాండావే, అదేమైనా ఎనుమా?" అన్నాడు. పైపు ఆయన వైపు తిప్పాలనిపించింది.

తర్వాత నీ ఉత్తరం చూసి, మదనపల్లె పోయేటప్పుడు లారీలో నేనూ ఎక్కాను. మార్కెట్టు వెనక టింకరు పరంజ్యోతి షెడ్డు గుర్తుందిగా? ఆయనకు జుట్టు మొత్తం నెరిసింది. నోట్లో రివెట్లు పెట్టుకొనే చర్చి పాటలు పాడుతున్నాడు. అద్దం దించి, కొత్త రబ్బరు వేసి, చేత్తో చుట్టూ తట్టి చూశాడు. "అమ్మా, ఇది పక్కా. అయినా ఒకసారి పైన గూడా సూస్తా ఉండు" అని నిచ్చెన తెచ్చాడు. మీ బావ ఆ నిచ్చెన పట్టుకొని "పైన నేను సూసుకుంటాలే పరంజ్యోతీ" అని పక్కన పెట్టించాడు.

నేను ఊరుకోక "మా తమ్ముడు గూడా అదే రాసినాడు. క్యాబిన్ పైకి ఎవరూ ఎక్కొద్దన్నాడు" అన్నాను.

మీ బావ నవ్వాడు రాయుడూ. ఈ మధ్య ఆయన అంత నవ్వడం చూడలేదు. "వాడు అట్లనే రాస్తాడులే" అన్నాడు. మనిషిని తరిమింది కాక, దూరంగా కూర్చొని మంచి సలహా చెబితే ఎగతాళి. దారిపొడుగునా ఆయనతో మాట్లాడలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు కూడా మాట్లాడలేదు.

కొత్త రబ్బరు వేసిన నాలుగో రోజు కురబలకోట దగ్గర జల్లు పడింది. మళ్లీ అదే చోట, వైర్ల మీదే కారింది.

నా ఆరోగ్యానికేం, రాయిలా ఉన్నాను. తొమ్మిదేళ్ల నుంచి ప్రతి ఉత్తరంలో అదే అడుగుతావు. ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్‌ను పట్టుకొని వదలవేం?

అక్క


కుప్పం,
14-8-1999.

అక్కా,

బావ నవ్వినప్పుడు ఇంకేమన్నాడు? పరంజ్యోతి ఎదుటే అన్నాడా? ముఖం ఎలా పెట్టాడు? ఏదీ వదలకుండా రాయి. ఊరికే అడుగుతున్నాను.

రబ్బరు కాకపోతే వైపరు కడ్డీ దూరే బొక్క చూడండి. అక్కడ వాషరు ఎండి ఉంటుంది. తర్వాత తలుపు పైఅంచు, ఎడమ పక్క గాలి కిటికీ. ఈ మూడింటిలో ఒకటి కచ్చితం. ఒక్కొక్కటీ విడిగా తడపండి.

ఫ్యూజుల డబ్బా మీద ప్లాస్టిక్ కవరు కట్టి, కింది వైపు వదులుగా ఉంచమను. లైట్ల వైరు, వైపరు వైరు ఒకే చోట కలుస్తాయి, అది తడవకూడదు. వాన ఉన్న రోజు ఘాటు దిగకుండా పలమనేరులోనే నిలపమని చెప్పు. లోడు పాడైతే పాడైంది.

పైన చూడనవసరం లేదు. ముందే రాశాను.

ఈ మూడు వారాలుగా నాకు నిద్ర సరిగ్గా లేదు. ఫ్యాక్టరీలో పని ఎక్కువ.

రాయుడు


పుంగనూరు,
7-9-1999.

రాయుడూ,

ఈ ఉత్తరంలో అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. బియ్యం డబ్బా పక్కనే కూర్చొని, దాని మూత మీద పెట్టి రాస్తున్నాను.

నీ పద్ధతి ప్రకారమే చేశాను. దానికి నా తెలివి కొంచెం కలిపాను. క్యాబిన్ లోపల చీకటిగా ఉంటుంది, సన్నటి తడి కంటికి ఆనదు. అందుకని లోపల రేకుల మీద, అద్దం అంచులకు, తలుపు సందులకు ముగ్గుపిండి చల్లాను. ఒక్క చుక్క తగిలినా పిండి నల్లబడి గీత పడుతుంది. మునిరత్నమ్మ బయట చెంబుతో పోసింది, నేను లోపల కూర్చొని లెక్కపెట్టాను. అద్దం కింద పోసింది, పిండి తెల్లగానే ఉంది. వైపరు కడ్డీ దగ్గర, తలుపు దగ్గర, గాలి కిటికీ దగ్గర పోసింది. పిండి తెల్లగానే ఉంది. అద్దం పైఅంచు దాకా వచ్చాం. అప్పటికీ పొడే. ఇక మిగిలింది పైరేకు ఒక్కటే. నువ్వు వద్దన్నావని అక్కడితో ఆపేశాను.

ఆపకుండా ఉండాల్సింది. శనివారం లోడుతో పోయాడు. నేను ప్లాస్టిక్ కవరు కట్టిచ్చాను, పలమనేరులో నిలపమని కూడా చెప్పాను. ఆయన నిలపలేదు. టమోటా మెత్తబడుతుందని ముందుకే పోయాడు. సాయంత్రం ఆరున్నరకు మొగిలి ఘాటులో, కుండపోత వానలో, వైపరూ లైట్లూ ఒకేసారి ఆగిపోయాయట. ఎదురుగా బస్సు. రోడ్డు కనబడక ఎడమకు కోసి, పిట్టగోడకు చక్రం ఆనించి నిలిపాడు. గోడ లేని చోట అయితే ఈ ఉత్తరం వేరుగా ఉండేది.

ఇదంతా ఆయన చెప్పలేదు. వెనక లారీలో వచ్చిన గంగవరం డ్రైవరు ఇంటికి వచ్చి చెప్పాడు. "అక్కా, అన్న స్టీరింగు ఒంటి సేత్తో తిప్పినట్టుండాది. ఒకసారి అడుగు" అన్నాడు. అడిగితే "వాడికేం తెలుసు" అంటాడు. రేపో మాపో మళ్లీ లోడు ఉందంటాడు. నిన్న తాళం చెవులు బియ్యం డబ్బాలో దాచాను. చవితి పోయేదాకా ఇవ్వనని చెప్పాను.

నువ్వు రాలేవు. ఆయన చూడడు. కాబట్టి ఆదివారం నేనే నిచ్చెన వేసుకొని క్యాబిన్ పైకి ఎక్కుతాను. సొట్ట పడితే పడనీ. నలభై నాలుగేళ్ల ఆడది లారీ నెత్తిన ఎక్కిందని ఊరంతా నవ్వినా నాకు లెక్కలేదు.

నీ మీద కూడా నాకు కోపంగానే ఉంది. పలమనేరు మీదుగా వస్తే ఒక పూట ప్రయాణం. ఆయన నిన్ను తరిమాడు సరే, నేను తరిమానా?

అమరావతి


కుప్పం,
10-9-1999.

అక్కా,

నువ్వు ఎక్కేలోపు ఈ ఉత్తరం చేరాలని మొక్కుకొని రాస్తున్నాను. చేరదని తెలుసు. అయినా నా చేత్తో నేనే రాసి చెప్పాలి.

పైరేకులో నాలుగు బొక్కలున్నాయి. అవి వేసింది నేను.

తొంభైలో, మీరిద్దరూ బెంగళూరుకు పెళ్లికి పోయిన రెండు రోజుల్లో, నేను లారీని కుప్పం గంగమ్మ జాతరకు తెచ్చాను. ఇక్కడి కుర్రవాళ్లు మైకు కట్టడానికి పెద్ద లారీ కావాలన్నారు. రెండు గొట్టాల స్పీకర్లు క్యాబిన్ పైన బోల్టులతో బిగించాం. నాకు అప్పుడు ఇరవై మూడేళ్లు. జాతరలో ఊరంతా నా వెనక నడుస్తుంటే నేను తోలుకుంటూ పోవాలని ఆశ. తిరిగొచ్చి బోల్టులు పీకి, బొక్కల్లో బట్టల సబ్బు కూరి, పైన నీలం పెయింటు రాశాను. ఎవరికీ తెలియదనుకున్నాను.

బావ వచ్చి "లారీ యాడికైనా పోయిందా?" అని అడిగాడు. నువ్వు పక్కనే బియ్యం చెరుగుతున్నావు. నాకు భయం వేసింది. నీ తల మీద చెయ్యి పెట్టి, లారీ షెడ్డు దాటలేదని ఒట్టు వేశాను. బావ మరుసటి రోజు పనికి రావద్దన్నాడు.

ఆ నెలలోనే నీకు జ్వరం వచ్చింది. మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో ఇరవై రోజులున్నావు. నేను రెండుసార్లు ఆస్పత్రి గేటు దాకా వచ్చి వెనక్కి పోయాను. నా ఒట్టే నిన్ను పడుకోబెట్టిందని అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను. అందుకే ప్రతి ఉత్తరంలో నీ ఆరోగ్యం అడిగేది. అందుకే ఇంటికి రానిది. బావ మీద కోపంతో కాదు.

నీ మొదటి ఉత్తరం చదవగానే ఎక్కడ కారుతుందో నాకు అర్థమైంది. అయినా రబ్బరనీ, వాషరనీ, తలుపనీ నిన్ను తిప్పాను. ఆ బొక్కలు నువ్వు చూడకూడదని, బావ ఘాటు దిగుతున్నాడని తెలిసి కూడా తిప్పాను. ఇంతకన్నా చెడ్డ పని నేను చేయలేదు.

నువ్వు తిట్టినా సరే, జవాబు రాయకపోయినా సరే. ఆ బొక్కలు మూసేదాకా బావను లారీ ఎక్కనివ్వకు.

చెంగల్రాయుడు


పుంగనూరు,
14-9-1999.

రాయుడూ,

నీ ఉత్తరం ఈరోజు వచ్చింది. నేను ఆదివారమే ఎక్కాను.

నిన్న చవితికి ఉండ్రాళ్లు చేయడానికి కూడా చేతులు రాలేదు. ఒక రోజంతా అటూ ఇటూ తిరిగి, ఇప్పుడు కూర్చొని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, నువ్వు పూర్తిగా చదువు.

పైన నాలుగు చోట్ల నీలం పెయింటు బొడిపెలు ఉన్నాయి. ఎండకు పగిలి, ఒక్కొక్క దాంట్లో వేలు దూరే సందు ఉంది. కత్తిపీట కొనతో గీరాను. కింద సబ్బు. దాని కింద గుడ్డపీలిక. దాని కింద మళ్లీ సబ్బు, మళ్లీ గుడ్డ. పొరలు పొరలుగా వస్తూనే ఉంది. ఒక పొరలో నా ఆకుపచ్చ చీర కొంగు కనిపించింది. ఆరేళ్ల కిందట దండెం మీద నుంచి ఎవరో ఎత్తుకుపోయారని వీధంతా తిట్టిన చీర అది. ఇంకొక పొరలో మా దిండు గలీబు. నువ్వు కూరిన సబ్బు ఒక్కటే రాయుడూ. మిగతా పొరలు ఎవరివి?

మీ బావ కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు. ఎడమ చేత్తో. నేను ఆ గుడ్డలు చూపించాను.

"దిగు ముందు. పడతావు" అన్నాడు.

దిగాను. అడిగాను. అరుగు మీద కూర్చొని చెప్పాడు. ఆయన మాటలు ఆయనవిగానే రాస్తున్నాను.

"వాడు సబ్బు పెట్టిన మూడో దినమే సూసినా. చక్రాల మీద కుంకుమ, పైన నాలుగు బొక్కలు. సూసినాకనే అడిగినా వాణ్ణి. నిజం సెప్తే రెండు తిట్టి ఊరుకుందామనుకున్నా. లారీ తీసకపోయినందుకు గాదే నేను పంపించింది. నీ తల మీద సెయ్యి పెట్టినాడు సూడు, ఆ సెయ్యి మళ్లీ నా స్టీరింగు పట్టకూడదనుకున్నా."

"మరి నాకు యాల సెప్పలేదు?" అన్నాను.

"సెప్తామనుకునే లోపల నువ్వు జొరంతో పడితివి. ఆస్పత్రి మంచం మీద ఉండేదానికి, నీ తమ్ముడు నీ మీద అబద్ధం ఒట్టు పెట్టినాడని యాడ సెప్పేది? లేసినాక సెప్తామంటే, నువ్వు వాడి పేరు తలవని దినం లేదు. సరే, నన్నే తిట్టుకోనీ అనుకున్నా. తిట్లతో మనిషి సావడు గదా."

పరంజ్యోతితో బొక్కలు మూయించవచ్చు కదా అన్నాను. "వాడు సూస్తే ఆదివారం చర్చిలో సెప్తాడు, సోమవారం మునిరత్నమ్మకు తెలుస్తాది, మంగళవారం నీకు తెలుస్తాది" అన్నాడు. అందుకని ప్రతి ఏడూ వానలకు ముందు, నేను చూడకుండా తనే పైకెక్కి, కొత్త సబ్బు కూరి పెయింటు రాసేవాడట.

ఈ ఏడు ఎక్కలేదు. ఎక్కలేకపోయాడు. ఆయన కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు రాయుడూ. ఆరు నెలల నుంచి. చొక్కా కొయ్యకు తగిలించమన్నది సోకు కాదు. అటక మీద డబ్బా దించనిది జమీందారీ కాదు. నేను ఎగతాళి చేశాను. ఆ ఒంటి చేత్తోనే ఘాటు దిగుతున్నాడు.

తొమ్మిదేళ్లు. ఉప్పు తక్కువైందన్న ప్రతిసారీ నేను అన్న మాట, ఆయన మారు మాట్లాడకుండా తిన్న అన్నం, అన్నీ లెక్కకు వస్తున్నాయి. నిన్న రాత్రి అన్నం పెడుతూ ఏడ్చాను. "ఉప్పు బాగుండాదిలే" అన్నాడు.

నీ మీద నాకు కోపం లేదని రాస్తే అబద్ధం. చాలా ఉంది. బొక్కలకు కాదు, ఒట్టుకూ కాదు. ఈ రెండు నెలలు నన్ను రబ్బరు చుట్టూ తిప్పి ఆయన్ను ఘాటులో వదిలావు చూడు, దానికి. అది తగ్గడానికి చాలా రోజులు పడుతుంది. తగ్గేదాకా నువ్వు కుప్పంలో కూర్చుంటే అసలు తగ్గదు.

నీ ఒట్టు నన్నేమీ చేయలేదు. టైఫాయిడ్ వచ్చింది కలుషితమైన నీళ్లకని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. నా తల గట్టిది. కానీ ఆ ఒట్టు ఇంకా నా తల మీదే ఉంది. వేసినవాడే వచ్చి, అదే చోట చెయ్యి పెట్టి, నిజం చెప్పి తీసేయాలి. మన అమ్మ అలాగే చేయించేది, నీకు గుర్తుంటుంది.

ఆయన్ను మదనపల్లె ఆస్పత్రిలో చూపించాలి. ఒప్పుకోవడం లేదు. తోలడం ఆపితే లోడ్లు పోతాయంటాడు, వేరే డ్రైవరును పెట్టుకోనంటాడు. ఈరోజు నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు. తర్వాత "తాళాలు వాడికైతే ఇస్తా" అన్నాడు.

తాళాలు బియ్యం డబ్బాలోనే ఉన్నాయి.

అక్క


కుప్పం,
17-9-1999.

అక్కకు, బావకు,

ఆదివారం మొదటి బస్సుకు దిగుతాను. ఫ్యాక్టరీలో రెండు నెలలు రానని చెప్పేశాను. రేకు ముక్క, రివెట్లు, లప్పం తెస్తున్నాను. నిచ్చెన తీయవద్దు. బావను సబ్బు కొనవద్దను.

నేను వచ్చేసరికి నువ్వు గడపలో కూర్చొని ఉండు. బావ కూడా పక్కనే ఉండాలి. ముందు నీ తల, తర్వాతే లారీ.

రాయుడు